పెన్‌డ్రైవ్‌లో ఏముందో కాగితం మీద రాసివ్వండి

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు అడ్తి (కమీషన్) షాపులకు, మిల్లులకు, దుకాణాలకు లెక్కల సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్లకు, అమ్మేవాళ్లకు, వచ్చి ఎక్కించి పోయేవాళ్లకు బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

నేను ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి షాపులో గుమాస్తాను. చేతిరాత చిట్టాలతో మొదలుపెట్టి కంప్యూటర్ దాకా వచ్చినవాణ్ణి. మీలో ఒకరు రాసిన సాఫ్ట్‌వేర్‌తోనే పదిహేనేళ్లుగా మా పని నడుస్తోంది. రాసినాయనకు అడ్తి లెక్క బాగా తెలుసు. హమాలీ, దడవాయి (తూకం వేసేవాళ్ల కూలి), చాట కూలి, బండి కిరాయి, రైతు తీసుకున్న అడ్వాన్సు, దాని మిత్తి, ఏది ఎక్కడ పట్టుకోవాలో అంతా అందులో ఉంది. ఇప్పుడొచ్చే కొత్తవాటిలో అందులో సగం కూడా కనిపించదు. అందుకే పాత సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నారని నేను మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. దాన్ని కొత్త కంప్యూటర్లోకి ఎక్కించే తీరు మీదే నా ఫిర్యాదు.

ఈ మాట ముందు మాకు సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లకే చెప్పుకున్నాను. మూడుసార్లు ఫోన్ చేశాను. ఒకసారి ఉత్తరం రాసి స్వయంగా చేతికిచ్చి వచ్చాను. "అందరికీ ఇట్లనే వేస్తున్నం, మీ ఒక్కరికేనా ప్రాబ్లం?" అన్నారు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. వాళ్ల పేరు ఇక్కడ రాయను. మా వరసలో నాలుగైదు షాపుల్లో అడిగి చూశాను. సాఫ్ట్‌వేర్లు వేరు, ఇచ్చినవాళ్లు వేరు, ఎక్కించిన పద్ధతి మాత్రం ఒకటే. ఒకరి పేరు రాస్తే మిగతావాళ్లు "మాది కాదులే" అని చదవకుండా పక్కన పెడతారు.

జరిగింది చెబుతాను.

పోయిన మిర్చి సీజన్ మధ్యలో మా పాత కంప్యూటర్ బోర్డు కాలిపోయింది. విండోస్ 7 మెషిన్. ఆ విండోస్‌కు 2020 జనవరిలోనే మద్దతు ఆగిపోయిందని మాకు తెలియకపోలేదు, నడుస్తోంది కదా అని నడిపించాం. విండోస్ 11 ఉన్న కొత్తది తెచ్చాం. కంపెనీ కుర్రాడు పది దాటాక వచ్చాడు. అప్పటికే జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) అయిపోయి కాంటాలు నడుస్తున్నాయి. షాపు ముందర రైతులు తక్‌పట్టీల (అమ్మకం లెక్క చీటీల) కోసం కూర్చున్నారు.

మా సాఫ్ట్‌వేర్ అసలు భాగం ఫాక్స్‌ప్రో అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. తర్వాత కలిపిన మెసేజ్‌లు పంపే భాగానికి డాట్‌నెట్ 3.5 అనే మైక్రోసాఫ్ట్ రన్‌టైమ్ (సాఫ్ట్‌వేర్ నడవాలంటే కంప్యూటర్లో ముందే ఉండాల్సిన సరంజామా) కావాలి. అది దించుకోమని నొక్కితే కాసేపు తిరిగి తిరిగి, చివర 081ఎఫ్ అని ఉండే ఎర్రర్ చూపించి ఆగింది. కుర్రాడు రెండుసార్లు చూసి జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. అందులో అన్ని రన్‌టైమ్‌లూ ఒకే ఫైలుగా కట్టిన ప్యాక్ ఉంది. పెట్టగానే విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ అడ్డం తగిలింది. దాన్ని ఆపేశాడు. మళ్లీ అడ్డం రాకుండా సీ డ్రైవ్ మొత్తాన్నీ తనిఖీ నుంచి మినహాయించాడు. ప్యాక్ ఎక్కింది. ఇంకో డీఎల్ఎల్ ఫైలు (ప్రోగ్రాములు వాడుకునే చిన్న భాగం) లేదని మెసేజ్ వచ్చింది. దాని పేరు గూగుల్లో కొట్టి, మొదట కనిపించిన సైట్ నుంచి దించి విండోస్ ఫోల్డర్లో పడేశాడు. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. టీ తాగి, సర్వీసు చార్జీ తీసుకుని వెళ్లిపోయాడు. పని అయిందని మేమూ సంతోషించాం. ఏమేం వేశావని నేను ఒక్క మాట అడగలేదు, అంతవరకు తప్పు నాదే.

పదకొండో రోజు పొద్దున షాపు తెరిచేసరికి ఫైళ్ల పేర్లన్నీ మారిపోయి ఉన్నాయి. డబ్బు కడితే తాళం తీస్తామని ఒక నోటు. బ్యాకప్ అదే కంప్యూటర్ డీ డ్రైవ్‌లో ఉండేది, అది కూడా తాళంలోనే. ఆ పెన్‌డ్రైవ్ వల్లే వచ్చిందని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ ఆ పదకొండు రోజులూ మా తలుపుకు గొళ్లెం లేదని డిఫెండర్ సెట్టింగుల్లో స్పష్టంగా కనిపించింది, దాన్ని తీసి మళ్లీ పెట్టకుండా పోయింది ఎవరో మాకు తెలుసు.

దీనివల్ల ఎవరికి ఏమైందో మీకు తెలియాలి. కుర్రాడు బండెక్కి వెళ్లిపోయాక మిగిలేది ఇదే.

1. రైతులకు. తక్‌పట్టీల కార్బన్ కాపీలు ఉన్నాయి కాబట్టి అమ్మకాల లెక్క మళ్లీ రాసుకోగలిగాం. తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ చెల్లింపులు ఆగాయి. ఏటూరునాగారం వైపు నుంచి ఒక రైతు అదే డబ్బు కోసం రెండుసార్లు బస్సెక్కి వచ్చాడు. చార్జీలు పోయాయి, కూలీలను పెట్టుకున్న రోజున చేనులో లేకుండా పోయాడు. అడ్వాన్సుల లెక్క ఇంకా కష్టమైంది. విత్తనాలకు, మందులకు తీసుకున్న డబ్బు, మధ్యలో కట్టిన విడతలు కంప్యూటర్లోనే ఉండేవి. ఒక పెద్దాయన, "నేను దసరాకు ముందే కట్టిన కదా బిడ్డా" అన్నాడు. రసీదు పోగొట్టుకున్నాడు. మా దగ్గరా లేదు. సేటు ఆయన మాట నమ్మాడు. అందరు సేట్లూ నమ్మరు.

2. హమాలీలకు, చాట కూలీలకు. వారం లెక్క తేలక ఒక వారం అందాజాగా ఇచ్చాం. తర్వాత తేడా సరిచేస్తుంటే గొడవలు అయ్యాయి.

3. వివరాలు బయటికి పోతాయన్న భయం. రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు, కొందరి ఆధార్ కాపీలు ఆ కంప్యూటర్లో ఉన్నాయి. ఫైళ్లకు తాళం వేసినవాడు వాటిని ముందే ఎత్తుకుపోలేదన్న నమ్మకం ఏముంది? బ్యాంకు నుంచి అని ఫోన్ వస్తే ఓటీపీ చెప్పొద్దని, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని ఒక్కొక్క రైతుకూ చెప్పుకుంటూ పోయాను. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం కూడా, రైతు వివరాలు దగ్గర పెట్టుకున్నది షాపే కాబట్టి మొదట సమాధానం చెప్పాల్సింది షాపే. మీ కుర్రాడి పేరు అందులో ఎక్కడా రాదు.

4. నా సంగతి. సీజన్ అయ్యేదాకా టెన్షన్‌తో నిద్ర లేదు. అంతకంటే రాయడం అనవసరం.

హైదరాబాద్‌లో పనిచేసే మా మేనల్లుడు శనివారం రైలుకు వచ్చి, కంప్యూటర్ మొత్తం తుడిచి మళ్లీ కట్టాడు. రెండు రాత్రులు పక్కన కూర్చుని చూశాను. అప్పుడు తెలిసింది, మా సాఫ్ట్‌వేర్ అడిగినవన్నీ దొంగదారి లేకుండా దొరికేవేనని.

చదివే మిగతా షాపులవాళ్ల కోసం ఒక మాట. రన్‌టైమ్ అంటే కాంటా లాంటిది. రైతు బస్తా తెస్తాడు, కాంటా తేడు. అది మార్కెట్లో ముందే ఉండాలి. అలాగే సాఫ్ట్‌వేర్ తనతో అన్నీ మోసుకురాదు. డాట్‌నెట్, విజువల్ సీ ప్లస్‌ప్లస్, జావా లాంటివి కంప్యూటర్లో ఉంటేనే లేచి నిలబడుతుంది. పాత సాఫ్ట్‌వేర్‌కు పాత కాంటానే కావాలి, పక్కన ఎన్ని కొత్త కాంటాలున్నా దాన్ని తూచవు. డాట్‌నెట్ 4.8 ఉన్నా 3.5 అడిగేది అందుకే.

ఆ డాట్‌నెట్ 3.5 బయటి నుంచి తెచ్చే సరుకు కానే కాదు. మా కొత్త కంప్యూటర్లో "విండోస్ ఫీచర్స్" అనే జాబితాలోనే ఉంది, పక్కన టిక్ పెడితే చాలు. పాత 2.0, 3.0 కూడా అందులోనే కలిసి వస్తాయి. దీనికి మైక్రోసాఫ్ట్ 2029 జనవరి దాకా మద్దతు ఇస్తానంది. అంటే పాతదే అయినా ఇంకా దిక్కున్న సరుకే. కుర్రాడికి వచ్చిన ఎర్రర్‌కు అర్థం కావలసిన ఫైళ్లు దొరకలేదని. నెట్ సరిగా లేని చోట అదే వెర్షన్ విండోస్ ఐఎస్ఓ (విండోస్ ఎక్కించే పూర్తి ఫైలు) పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, అందులోని సోర్సెస్ ఫోల్డర్ కింద ఉండే ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్ దారి చూపిస్తూ డిస్మ్ అనే విండోస్ కమాండ్ కొడితే నెట్ లేకుండానే ఎక్కుతుంది. మా మేనల్లుడికి ఇరవై నిమిషాలు పట్టింది, అందులో పదిహేను నిమిషాలు ఊరికే చూస్తూ కూర్చున్నాడు. వెర్షన్ తేడా ఉంటే మాత్రం ఎక్కదట. మీ కుర్రాళ్ల జేబులో ఉండాల్సింది ఆ ఐఎస్ఓ.

ఇక గూగుల్లో వెతికి దించిన డీఎల్ఎల్ సంగతి చెబితే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఫాక్స్‌ప్రో 9కి కావలసిన ఎంఎస్‌వీసీఆర్71 అనే ఫైలు అది. పదిహేనేళ్ల కింద కంపెనీ ఇచ్చిన అసలు సీడీలోనే ఉంది. ఆ సీడీ మా బీరువాలో, పాత చెక్కు బుక్కుల కింద దొరికింది. ఆ ఫైలు ఉండాల్సింది సాఫ్ట్‌వేర్ సొంత ఫోల్డర్లో, విండోస్ ఫోల్డర్లో కాదు. డీఎల్ఎల్‌లు విడివిడిగా పంచే సైట్లలో ఆ ఫైలును ఎవరు పెట్టారో, మధ్యలో ఎవరు మార్చారో చెప్పేవాళ్లు ఉండరు. ఏదైనా డీఎల్ఎల్ లేదని వస్తే అది ఏ ప్యాకేజీలోదో చూసి, ఆ ప్యాకేజీని తయారుచేసినవాళ్ల దగ్గరే తెచ్చుకోవాలి. ఎంఎస్‌వీసీఆర్100 అడిగితే విజువల్ సీ ప్లస్‌ప్లస్ 2010. ఎంఎస్‌వీసీఆర్120 అయితే 2013. వీసీరన్‌టైమ్140 అయితే 2015 నుంచి 2022 వరకు అన్నిటికీ కలిపి ఒకటే ప్యాకేజీ. మైక్రోసాఫ్ట్ సైట్లోనే ఉచితంగా దొరుకుతాయి. కంప్యూటర్ 64 బిట్‌దైనా సాఫ్ట్‌వేర్ 32 బిట్‌దైతే 32 బిట్ ప్యాకేజీ వేయాలి. మన మార్కెట్లో నడిచేవి దాదాపు అన్నీ 32 బిట్‌వే, తప్పు జరిగేదీ ఎక్కువగా ఇక్కడే. 64 బిట్‌ది వేసి, "ఎక్కించాను కానీ పనిచేయట్లేదు" అని మళ్లీ డీఎల్ఎల్ సైట్ల వెంట పడుతున్నారు.

పక్క షాపులో వీబీ 6 (విజువల్ బేసిక్)లో రాసిన సాఫ్ట్‌వేర్ ఉంది. వీబీ 6 అసలు రన్‌టైమ్ విండోస్‌లోనే వస్తుంది, తెచ్చి వేయాల్సిన అవసరమే లేదు. తెరమీద జాబితాలు చూపించే ఎంఎస్‌కామ్‌సీటీఎల్ లాంటి ఓసీఎక్స్ ఫైళ్లు మాత్రం విడిగా వేయాలి. ఆ ఫైల్లో ఉన్న ఒక ప్రమాదకరమైన లోపాన్ని మైక్రోసాఫ్ట్ 2012 ఏప్రిల్‌లో సరిచేసింది. మీరు మీ పాత సీడీలోని 2012కు ముందటి ఫైలును తెచ్చి కొత్తదాని మీద రుద్దితే, పూడ్చిన గొయ్యిని మళ్లీ తవ్వినట్టే. పాత రన్‌టైమ్ వాడొచ్చు, కానీ దానికి వచ్చిన ఆఖరి మరమ్మతుతో సహా వాడాలి.

ఇంకొకటి. ఒకే షాపులో రెండు మూడు కంప్యూటర్లు కలిపేటప్పుడు, పాత ఎక్స్‌పీ మెషిన్ కనబడట్లేదని ఎస్ఎంబీ 1 అనే, కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిని తెరిచి పోతున్నారు. 2017 మేలో వన్నాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసే వైరస్ దేశదేశాల్లో ఆస్పత్రులను, ఆఫీసులను ముంచింది ఆ దారినే. దాని మరమ్మతు రెండు నెలల ముందే, మార్చిలో వచ్చింది. వేసుకోనివాళ్లు మునిగారు. ఆ ఏడాది నుంచి కొత్త విండోస్ 10లో దాన్ని మూసే పంపుతున్నారు. ఒక పాత మెషిన్ కోసం దాన్ని మళ్లీ తెరవడం న్యాయమేనా?

జావా గురించి ఎక్కువ తెలియదు, మా పన్ను లెక్కలు చూసే ఆయన దగ్గర విన్నది రాస్తున్నాను. 2019 ఏప్రిల్ నుంచి ఒరాకిల్ లైసెన్సు మారింది, వ్యాపారానికి వాడితే ఆ తర్వాతి జావా 8 అప్‌డేట్లకు డబ్బు కట్టాలి. ఓపెన్ జేడీకే అనే ఉచిత జావా మూలం నుంచి తయారైన టెమురిన్ లాంటివి ఉచితంగా ఉన్నాయి. ఈ ముక్క మీరు షాపులవాళ్లకు ముందే చెప్పాలి.

"మాకు టైం ఉండదు సార్, సీజన్లో రోజుకు పది షాపులు తిరగాలి" అంటారు. నిజమే. ఆ కుర్రాడికి ఇచ్చే జీతమూ నాకు తెలుసు, అందుకే వాడి మీద నాకు కోపం లేదు. వాడికి ఆ పెన్‌డ్రైవ్ ఇచ్చింది మీరు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి కూడా మామూలు మద్దతు ఆగిపోయింది. మెషిన్లు మార్చే షాపులు ఇంకా వస్తూనే ఉంటాయి. అన్నిటికీ ఇదే పెన్‌డ్రైవ్ తిరుగుతుంది. అందుకే అడుగుతున్నాం.

1. ఇన్‌స్టాల్ చేసిన ప్రతిసారీ ఒక కాగితం ఇవ్వండి. ఏ రన్‌టైమ్, ఏ వెర్షన్, 32 బిట్టా 64 బిట్టా, ఎక్కడి నుంచి తెచ్చారు, ఏ సెట్టింగ్ మార్చారు, తేదీ, సంతకం. అర పేజీ చాలు. మిగతా డిమాండ్లన్నీ పోయినా ఇది ఒక్కటి ఇస్తే సగం సమస్య తీరుతుంది. ఎందుకంటే రాసి సంతకం పెట్టాల్సి వస్తే ఎవరూ "గూగుల్లో దొరికిన సైట్" అని రాయరు.

2. "ఆల్ ఇన్ వన్" ప్యాకులు మానేయండి. తయారుచేసినవాళ్ల సైట్ నుంచి దించిన ఫైళ్లనే పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. నడిపే ముందు ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ తెరిచి, సంతకం ఎవరిదో, చెల్లుతోందో మాకు చూపించండి. నిమిషం కూడా పట్టదు.

3. యాంటీవైరస్ ఆపొద్దు. మీ సాఫ్ట్‌వేర్‌నే అది పొరపాటున పట్టుకుంటే ఆ ఒక్క ఫైలునో ఫోల్డర్‌నో మినహాయించి, ఆ సంగతి మొదటి డిమాండ్‌లో అడిగిన కాగితం మీద రాయండి. సీ డ్రైవ్ మొత్తం మినహాయించే హక్కు మీకు ఎవరూ ఇవ్వలేదు.

4. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ అధికారం అడగొద్దు. మీ సాఫ్ట్‌వేర్ డేటాను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాసుకుంటోంది కాబట్టే "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" పెట్టుకోమంటున్నారు. విడిగా ఒక ఫోల్డర్ పెట్టి, దానికి మాత్రమే రాసే అనుమతి ఇస్తే మామూలు యూజర్‌తోనే నడుస్తుంది. మా దగ్గర ఇప్పుడు అలాగే నడుస్తోంది.

5. మొదలుపెట్టే ముందు రిస్టోర్ పాయింట్ (విండోస్‌ను పాత స్థితికి తిప్పుకునే గుర్తు) పెట్టి, డేటాను బయటి డిస్కులోకి తీసి, ఆ డిస్కు ఊడదీసి మా చేతికివ్వండి. డీ డ్రైవ్‌లో పెట్టింది బ్యాకప్ కిందికి రాదు. మాకు ఎవరూ చెప్పలేదు, మేం అడగలేదు.

6. కొత్త విండోస్ మీద ఏం చేసినా నడవని సాఫ్ట్‌వేర్ ఉంటే ఆ మాట మొహం మీదే చెప్పండి. నెట్ తీసేసిన పాత మెషిన్లోనో, వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్)లోనో నడుపుకుంటాం. నడిపించి చూపించాలన్న పట్టుదలతో రక్షణలన్నీ ఊడబీకొద్దు.

7. ఫాక్స్‌ప్రోకు ఆఖరి వెర్షన్ 2004లో వచ్చింది, 2015 జనవరిలో మద్దతు పూర్తిగా ఆగింది. ఏటా ఏఎంసీ (సంవత్సర మెయింటెనెన్స్ ఫీజు) తీసుకుంటున్నారు. కొత్త దాంట్లోకి ఎప్పుడు మారుస్తారో తేదీ చెప్పండి. చెప్పలేకపోతే మా డేటాను మామూలు ఎక్సెల్ ఫైళ్లుగా తీసుకునే మీట ఒకటి ఇవ్వండి. ఆ లెక్కలు మావి, మా రైతులవి.

వీటిలో మీకు పెద్ద ఖర్చయ్యేది ఏడోది ఒక్కటే. మిగతా ఆరింటికీ ఒక ఐఎస్ఓ, ఒక కాగితం, ఇంకో అరగంట చాలు. ఆ అరగంటకు చార్జీ పెంచితే ఇస్తాం, బేరం చేయం.

మిర్చి మళ్లీ జనవరిలో మొదలవుతుంది. దానికి ముందే, దీపావళి నుంచి సంక్రాంతి లోపల, మా వరసలో మూడు షాపులు కంప్యూటర్లు మార్చుకుంటున్నాయి. మొదటి డిమాండ్‌లో అడిగిన కాగితం చేతికి రానిదే సర్వీసు చార్జీ, ఏఎంసీ ఇవ్వకూడదని ఆ మూడు షాపులవాళ్లూ, మేమూ అనుకున్నాం. కాగితం నమూనా నేనే రాసి పెట్టాను. కావలసినవాళ్లు షాపుకు వచ్చి తీసుకోవచ్చు. పొద్దున కాంటాల వేళ రావద్దు, మధ్యాహ్నం మూడు దాటాక అయితే తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఇట్లు,
ఒక అడ్తి షాపు గుమాస్తా,
ఎనుమాముల, వరంగల్